చెట్ల మధ్య మోడరన్ ఇల్లు, చేతిపని చెక్క: మీ డ్రాయింగ్‌లో లేనిది ఖాళీ

మీ డ్రాయింగ్ రెండు మూడుసార్లు చూశానండి. వాలు స్థలం, ఇరవై దాకా పెద్ద చెట్లు, వాటి మధ్యలో పొడుగ్గా ఒక్క అంతస్తు, చుట్టూ నేల నుంచి పైకప్పు దాకా గాజు, బయటంతా చెక్క క్లాడింగ్ అంటే గోడకి తొడిగే పలకలు, డెక్ అంటే బయటి చెక్క అరుగు మధ్యలోంచి ఒక చెట్టు పైకి పోతోంది, లోపల తలుపులు మెట్లు బల్లలు అన్నీ చేత్తో చేయించాలని మీ ఆశ. మీరడిగింది ఏ చెక్క వాడాలి, ఏం జాగ్రత్తలు తీస్కోవాలి, అడ్డొస్తున్న రెండు చెట్లు కొట్టేస్తే ఆ చెక్కతో ఫర్నిచర్ అవుద్దా అని. ఏ చెక్క అన్నది చివర్లో చెప్తా, అందరూ ముందు అదే అడుగుతారు గానీ నిజానికి అది అంత పెద్ద విషయం కాదు.

నేను పాతికేళ్లుగా వడ్రంగం చేస్తున్నా, అందులో సగం పైగా ఇలా చెట్లలో కట్టిన ఇళ్లలోనే. మీ డ్రాయింగ్‌లో నాకు కొట్టొచ్చినట్టు కనపడింది ఒక్కటే, ఎక్కడా ఖాళీ లేదు. డెక్ పలకలు చెట్టు మానుని ఆనుకుని ఉన్నాయి, క్లాడింగ్ మట్టి దాకా దిగిపోయింది, తలుపు పలక ఫ్రేమ్‌లో బిగుసుకుని కూచుంది, గోడ పునాది ఒక చెట్టుకి మీటరున్నర దూరంలో పోతోంది. కాగితం మీద ఇలా అతుక్కుంటేనే అందంగా ఉంటది, అది నాకూ తెలుసు. కానీ చెట్టు పెరుగుద్ది, చెక్క ఉబ్బుతుంది ముడుచుకుంటది, నీళ్లు ఎక్కడ సందు ఉంటే అక్కడ దూరి ఆరడానికి దారి లేక అక్కడే కూచుంటాయి.

ముందు చెట్ల సంగతి, ఎందుకంటే ఇది తప్పైతే తర్వాత దిద్దుకోలేరు. వేళ్లు చెట్టు ఎంత ఎత్తుందో అంత లోతుకి పోతాయని చాలామంది అనుకుంటారు, కాదు. ఎక్కువ వేళ్లు పైన ఉన్న రెండడుగుల మట్టిలోనే ఉంటాయి, కొమ్మల నీడ ఎంత మేర పడుద్దో దాన్ని దాటి కూడా పోతాయి. లెక్క కోసం అందరూ వాడే పద్ధతి ఒకటుంది, ఛాతీ ఎత్తులో మాను అడ్డుకొలత తీసి దాన్ని పన్నెండుతో హెచ్చవేయండి, చెట్టు చుట్టూ అన్ని దిక్కులా అంత దూరం ముట్టుకోకూడదు. మాను 50 సెం.మీ. ఉంటే 6 మీటర్లు. మీ పునాది మీటరున్నరలో పోతోంది! తవ్వడం ఒక్కటే కాదు, జేసీబీ రెండుసార్లు అటూ ఇటూ తిరిగినా మట్టి అణిగిపోయి వేళ్లకి గాలి అందదు, మిగిలిన మట్టి తెచ్చి మొదట్లో జానెడు మందం పోసినా అంతే. దరిద్రం ఏంటంటే చెట్టు వెంటనే చావదు, మూడేళ్లకో ఐదేళ్లకో పైకొమ్మలు ఎండటం మొదలవుద్ది, అప్పటికి కాంట్రాక్టరు బిల్లు తీస్కుని వెళ్లిపోయి ఉంటాడు, మీరేమో ఏదో తెగులు పట్టిందనుకుంటారు. అందుకని పని మొదలవ్వకముందే కంచె వేయించండి, రిబ్బన్ కాదు నిజం కంచె, రిబ్బన్‌ని ఎవడూ లెక్కచేయడు.

చెట్ల వైపు గోడ కింద పొడుగ్గా కాలవలాగా పునాది తవ్వొద్దు. విడివిడిగా స్తంభాలు దించి వాటి మీద దూలం వేయమనండి, గుంత తీస్తుంటే లావు వేరు తగిలితే ఆ గుంతని ఒక అడుగు పక్కకి జరిపేలా ఇంజనీర్ ముందే లెక్క ఇవ్వాలి. వాలు స్థలం మీకు నిజానికి అదృష్టం, ఇల్లు నేల మీద కూర్చోకుండా నిలబడొచ్చు, వాననీరు కింద నుంచి దాని దారిన అది పోతుంది.

డెక్‌లో చెట్టుకి కనీసం జానెడు ఖాళీ చుట్టూ వదలండి. మాను లావెక్కుద్ది, గాలికి ఊగుద్ది కూడా, ఆ ఎత్తులో ఊగడం మన కంటికి కనపడదు గానీ బోల్టులకి తెలుస్తుంది. కింద ఫ్రేము ఇంకా దూరంగా ఆపేసి, పైన చెట్టు దగ్గరున్న నాలుగైదు పలకలు మాత్రం స్క్రూలు విప్పి తీసేలా పెట్టించుకుంటే పదేళ్ల తర్వాత వాటిని ఇంకాస్త కోసుకోవచ్చు. అమెరికా ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ పెన్సిల్వేనియాలో వాగు మీద కట్టిన ఫాలింగ్‌వాటర్ అనే ఇంటి ఫోటోలు మీరే పెట్టారు కదా, అందులో దారి పక్కన కాంక్రీట్ దూలాల్లో ఒకటి చెట్టు దగ్గరికొచ్చి గుండ్రంగా వంపు తిరిగి మళ్లీ నిటారుగా పోతుంది చూడండి. కాంక్రీట్ దూలమే చెట్టుకి దారిచ్చినప్పుడు చెక్క పలకకి ఏం రోగం.

అదే ఇంటి గురించి ఇంకో మాట, ఎందుకంటే అందరూ అందం చూసి దాన్నే నమూనాగా పెట్టుకుంటారు. డిజైన్ 1935లో, జలపాతం కనపడేలా ఇల్లు కావాలని ఓనరు అడిగితే ఆయన జలపాతం మీదే కట్టాడు, అద్భుతం, కాదనను. కానీ ముందుకి పొడుచుకొచ్చిన ఆ కాంక్రీట్ అరుగులు కట్టినప్పటి నుంచే కిందికి వంగడం మొదలెట్టి దాదాపు ఏడు అంగుళాలు జారాయి, చివరికి 2002లో లోపల ఉక్కు తీగలు బిగించి నిలబెట్టారు. పైకప్పు కారేది, ఎన్ని బకెట్లు పెట్టాలో లెక్క చెప్పి ఓనరే జోకులేసేవాడట, బూజు మీద కూడా ఇంటికి ఒక ముద్దుపేరు పెట్టాడు. అయినా అక్కడి చెక్కపని మాత్రం చాలామటుకు బాగానే నిలిచింది, ఎందుకో తెలుసా, పక్కనే వాగు, ఎప్పుడూ తేమ అని ముందే తెలిసి నల్ల వాల్‌నట్‌ని దిమ్మలుగా వాడకుండా తడికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ మీద పల్చటి పొర, అంటే వెనీర్‌గా అతికించారు. చేతిపని అంటే దళసరి చెక్కే ఉండాలని పట్టుబట్టేవాళ్లకి నేను చెప్పే ఉదాహరణ ఇదే. బీరువా తలుపుల్లాంటి వెడల్పాటి చదునైన వాటికి మంచి ప్లై మీద మంచి వెనీర్ తప్పేం కాదు, పరువు తక్కువా కాదు.

ఇప్పుడు అసలు విషయం, చెక్క కదలడం. ఇది అర్థమైతే మిగతాదంతా మీరే ఊహించుకోగలరు. చెట్టుని కోసినప్పుడు చెక్క నిండా నీళ్లుంటాయి, ఆరుతూ ఆరుతూ తేమ దాదాపు 30 శాతానికి దిగేదాకా దాని కొలత మారదు, అక్కడ్నుంచి కిందికి పోయేకొద్దీ ముడుచుకుంటది, గాలిలో తేమ పెరిగితే మళ్లీ ఉబ్బుతుంది, జీవితాంతం ఇదే పని. పొడుగులో మార్పు దాదాపు సున్నా. మారేదంతా అడ్డంలోనే. అందులోనూ పలకని ఎలా కోశారన్నది ముఖ్యం, వయసు వలయాలు పలక ముఖానికి నిటారుగా వచ్చేలా కోస్తే తక్కువ కదులుద్ది, మామూలుగా దుంగని పైనుంచి పలకలుగా కోసుకుంటూ పోతే దానికి దాదాపు రెట్టింపు కదులుద్ది. టేకు అన్నిట్లోకీ బుద్ధిమంతురాలు కదా, దాని లెక్కే చూడండి, మీటరు వెడల్పు పలకలో తేమ 4 శాతం మారితే మామూలు కోతలో 7, 8 మి.మీ. తేడా వస్తుంది, నిటారు వలయాల కోతలో 3, 4 మి.మీ.. ఓక్ లాంటివి ఇంకా ఎక్కువ. ఏసీ వేసిన రోజులకీ, కిటికీలన్నీ తెరిచి చెట్ల గాలి లోపలికి వదిలిన వానరోజులకీ మధ్య 4 శాతం అంటే అదేం పెద్ద మార్పు కాదు, మీ ఇల్లు ఉండబోయేదే అలా.

మీ ముఖద్వారం మూడున్నర అడుగుల వెడల్పు, ఒకే దళసరి చెక్క, చుట్టూ ఫ్రేములో 2 మి.మీ. సందు అని రాశారు. వానల్లో తెరుచుకోదండి. నా అనుభవం చెప్తా, కొత్తలో ఒక ఇంట్లో ఇలాంటిదే ఒక బల్ల చేశా, అందమైన వెడల్పు పలక, అది వంకర పోకూడదని తెలివి మీరి కింద రెండు అడ్డపట్టీలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా జిగురు పూసి స్క్రూలు దిగ్గొట్టా. మొదటి ఎండాకాలానికే అర్ధరాత్రి ఢామ్మని చప్పుడు, ఇంటాయన దొంగలనుకున్నాడట, లేచి చూస్తే బల్ల మధ్యలో వేలు దూరేంత నెర్రె. పలక ముడుచుకుందామంటే పట్టీలు వదల్లేదు, ఏం చేస్తది పాపం, చీలింది. డబ్బులు వెనక్కి ఇచ్చా, ఆ పలకలో ఒక ముక్క ఇప్పటికీ నా షెడ్డులో వేలాడుతుంటది, కొత్తగా చేరిన కుర్రాళ్లకి ముందు అదే చూపిస్తా. చేయాల్సింది చిన్న పనే, మధ్య స్క్రూ ఒక్కటి గట్టిగా, మిగతావాటి బెజ్జాలు పొడుగ్గా కోలగా తొలిస్తే పలక దాని ఇష్టమొచ్చినట్టు జరుగుద్ది, పట్టీ మాత్రం దాన్ని చదునుగా పట్టుకుని ఉంటది. 1908లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో గ్రీన్ అండ్ గ్రీన్ అనే ఆర్కిటెక్ట్ అన్నదమ్ములు కట్టిన గ్యాంబుల్ హౌస్ చెక్కపనిలో నల్లగా చదరంగా చిన్న చిన్న బొడిపెలు కనపడతాయి, చూసినవాళ్లు అలంకారం అనుకుంటారు, వాళ్ల పనిలో చాలాచోట్ల ఆ నల్లచెక్క బిళ్ల కింద ఉండేది కోల బెజ్జంలో స్క్రూనే. కదలికని దాచలేదు వాళ్లు, దాన్నే డిజైన్ చేసుకున్నారు.

కాబట్టి మీ తలుపుని ఫ్రేము, దాని గాడిలో జిగురు లేకుండా తేలుతూ ఉండే పలకలు, ఈ పద్ధతిలో మార్పించండి. వందల ఏళ్లుగా తలుపులు ఇలా చేసింది ఊరికే కాదు. లేదూ నాకు నున్నగా ఒకే ముఖమే కావాలంటే, అది మోడరన్ ఇంటికి సబబే, లోపల ప్లై గుండె పెట్టి పైన దళసరి వెనీర్.

చేతిపని ఎక్కడ పెట్టాలన్నదాంట్లో నాకు గట్టి అభిప్రాయం ఉంది, కొంతమంది ఒప్పుకోరు. ఇల్లంతా చేత్తో చిత్రిక పట్టించకండి, డబ్బూ దండగ, కంటికీ విసుగు. చెయ్యి తగిలేచోట మాత్రం పెట్టండి, మెట్ల చేపట్టు, తలుపు పిడి, కిటికీ గట్టు, కూచునే బెంచీ అంచు. సీలింగ్ పలక ఎంత నునుపుందో ఎవడూ తడిమి చూడడు, అది మెషిన్ పనికి వదిలేయండి. వార్టన్ ఎషెరిక్ అనే అమెరికా చెక్కశిల్పి 1930లో తన స్టూడియోలో చేసిన మెలికల మెట్లు దొరికితే చూడండి, బరువైన దిమ్మల మెట్లు ఒక నడిమి కంబంలోంచి కొమ్మల్లా పుట్టుకొస్తాయి, ఆ మెట్ల కోసమే ఆ చోటుని జనం చూడ్డానికి పోతారు. మీ ఇంట్లోనూ అలాంటిది ఒక్కటి చాలు.

ఇంకోటి, ప్రకృతిని తేవడమంటే తలుపు మీద ఆకులు పువ్వులు చెక్కించడం కాదు. ఫిన్లండ్‌లో ఆర్కిటెక్ట్ అల్వార్ ఆల్టో 1939లో పూర్తి చేసిన విల్లా మైరియాలో ఒక్క ఆకు బొమ్మ లేకుండానే అడవి ఉంటది. ఇనప కంబాల్లో కొన్నిటికి పేముబెత్తం చుట్టాడు, మెట్ల పక్కన సన్నటి గుంజలు వరసగా నిలబెట్టాడు, కంబాలు ఒకచోట ఒంటిగా, ఒకచోట జంటగా, ఇంకోచోట మూడు కలిపి పెట్టాడు, లెక్కగా ఒకే దూరంలో ఉండనివ్వలేదు. నడుస్తుంటే మానుల మధ్య నుంచి పోతున్నట్టే ఉంటది. మీ వరండా కంబాలన్నీ కొలిచినట్టు మూడేసి మీటర్లకి ఒకటి ఉన్నాయి, బయట చెట్లు మాత్రం అడ్డదిడ్డంగా ఉన్నాయి. బరువు లెక్క కుదిరిన మేరకి ఒకటి రెండు జరపొచ్చా అని మీ ఆర్కిటెక్ట్ గారిని అడిగి చూడండి.

క్లాడింగ్ సంగతి కాస్త తొందరగా చెప్పేస్తా, ఇందులో అభిప్రాయాలకి చోటు లేదు, చేయాల్సిందే. నేల నుంచి కనీసం 20 సెం.మీ. పైన ఆపండి, వానచుక్క నేల మీద పడి ఎగిరి చెక్కని కొడుతుంది, చెదలు పైకి పాకుతుంటే కనపడేదీ ఆ జాగాలోనే. పలకల వెనక 20 మి.మీ. గాలి సందు, కిందా పైనా తెరిచి, పురుగులు దూరకుండా జాలీ. మేకులు స్టెయిన్‌లెస్ స్టీల్ వాడండి, ఓక్, సీడర్ లాంటి చెక్కల్లో ఉండే రసం మామూలు ఇనుముతో కలిస్తే నల్లగా కన్నీళ్లు కారినట్టు చారలు పడతాయి, అవి ఓ పట్టాన పోవు. పలక కోసిన ప్రతి చివరకీ సీలర్ పూయాలి, నీళ్లు ముఖం మీద కంటే కొసల్లోంచే ఎన్నో రెట్లు వేగంగా తాగుతుంది చెక్క. అన్నిటికంటే పెద్ద మందు చూరు. మీ డ్రాయింగ్‌లో చూరే లేదు, పెట్టెలాగా గోడ మొదలైనచోటే కప్పు ఆగిపోయింది, ఫోటోకి బాగుంటది. చెట్ల కింద ఎండ తక్కువ, తడిసింది ఆరదు, తేమ 20 శాతం కింద ఉన్నంతకాలం చెక్క కుళ్లదు, దాన్ని దాటి నెలలకొద్దీ ఉంటే ఏ చెక్కైనా మెత్తబడుద్ది. కనీసం రెండున్నర మూడడుగుల చూరు పెట్టించండి, దాంతో సగం బాధలు పోతాయి. చదును కప్పు కూడా వద్దని చెప్పేవాణ్ణే, కనీసం మంచి వాలు ఇప్పించండి, ఆకులు రాలి డ్రెయిన్ మూసుకుపోయి కప్పు చెరువవడం నేను లెక్కలేనన్ని సార్లు చూశా.

బయట చెక్కకి రంగు ఏం వేయాలన్నారు. ఏమీ వేయకపోతే బూడిదరంగుకి తిరుగుద్ది, అది పాడవడం కాదు. కాలిఫోర్నియా సముద్రం ఒడ్డున సీ రాంచ్‌లో 1965లో కట్టిన ఇళ్లు రెడ్‌వుడ్‌ని అలాగే వదిలేసి ఎండకి గాలికి బూడిదరంగు తిరగనిచ్చారు, ఇప్పుడు కొండ రంగూ ఇంటి రంగూ ఒకటే. కానీ చూరు కింద ఉన్నది ఎర్రగా, వాన తగిలింది బూడిదగా, మచ్చలు మచ్చలుగా తిరుగుద్దని ముందే తెలిసుండాలి. వార్నిష్ మాత్రం బయట వద్దే వద్దు, రెండేళ్లకి పొరలూడితే మొత్తం గీకాల్సిందే. నూనె అయితే కడిగి పైన ఇంకో పూత పూస్కోవచ్చు.

గాజు గురించి రెండే మాటలు. చెట్లు అద్దంలో కనపడితే పక్షులకి అది అడవే, ఎగురుకుంటూ వచ్చి గుద్దుకుని చస్తాయి, బయటివైపు 5 సెం.మీ. దూరంలో చిన్న చుక్కల వరసలుండే గాజు గానీ స్టిక్కర్ గానీ పెట్టించండి, రెండోరోజుకి మీ కంటికి ఆనవు. రెండోది, చెట్ల కింద ఇల్లు మీరనుకున్నదాని కంటే చీకటిగా ఉంటది, చుట్టూ గాజున్నా సరే, వచ్చేది ఆకుల్లోంచి వడగట్టిన పచ్చటి వెలుగు. లోపల వాల్‌నట్ లాంటి ముదురు రంగు సీలింగ్ పెడితే పగలే లైట్లేసుకోవాలి. సీలింగ్‌కి ఆష్, మేపుల్ లాంటి లేతరంగు చెక్క, గోడ పైభాగంలో కప్పుని ఆనుకుని సన్నటి కిటికీ పట్టీ, ముదురు చెక్కని చేతికందే ఎత్తులో వాడుకోండి.

కార్చిచ్చు వచ్చే ప్రాంతమైతే ఇంటిని ఆనుకుని ఒకటిన్నర మీటర్ల దాకా ఏ మొక్కా, కట్టెల మోపూ, ఎండుటాకులూ ఉండకూడదు, గాలి సందులకి పెట్టే జాలీ 3 మి.మీ. కంటే పెద్ద కన్నాలు ఉండకూడదు. ఇళ్లు ఎక్కువగా అంటుకునేది మంటతో కాదు, గాల్లో ఎగిరొచ్చిన నిప్పురవ్వలతో. మిగతాది మీ దగ్గర ఫైర్ వాళ్లు చెప్తారు.

ఇక ఏ చెక్క అన్నది. బయటికి చేవ, అంటే మాను నడుమ ఉండే గట్టి ముదురు చెక్క ఉన్నదే వాడండి, చేవ చుట్టూ ఉండే తెల్లచెక్క ఎంత గొప్ప జాతిదైనా పురుగుకీ కుళ్లుకీ విందుభోజనమే. టేకు అనగానే మొత్తం టేకు కాదు, అందులోనూ తెల్లది ఉంటది, ఒప్పందంలో ఆ మాట రాయించుకోండి. వేడిచేసి మార్చిన చెక్క దొరుకుతోంది, 200 డిగ్రీల దరిదాపుల్లో కాల్చకుండా ఉడికించినట్టు చేస్తారు, కదలిక బాగా తగ్గుద్ది, క్లాడింగ్‌కి మంచిదే, కానీ పెళుసు, బరువు మోసేచోట వద్దు.

మీరు కొట్టే రెండు చెట్లు. అవ్వుద్ది, తప్పకుండా ఫర్నిచర్ అవ్వుద్ది, కానీ ఇల్లు పూర్తయ్యేనాటికి కాదేమో. అంగుళం మందానికి ఏడాది ఆరాలని పాత లెక్క, మూడంగుళాల బల్ల పలకంటే మూడేళ్లు, చెక్కని వేడితో ఆరబెట్టే కిల్న్‌లో పెడితే తగ్గుద్ది గానీ అది కూడా కొన్నాళ్లు గాలికి ఆరాక పెడితేనే మంచిది. కాబట్టి పునాది కంటే ముందే ఆ చెట్ల పని కానివ్వండి. కొట్టిన వారంలోపే పలకలుగా కోయించండి, దుంగ రెండు చివర్లకీ కొట్టినరోజే మైనం గానీ దళసరి రంగు గానీ పూయండి, లేకపోతే చివర్ల నుంచి నెర్రెలు లోపలికి పాకుతాయి. పలకల మధ్య అంగుళం మందం ఎండు కర్రముక్కలు, రెండడుగులకొకటి, అన్నీ ఒకదాని కింద ఒకటి ఒకే గీతలో ఉండాలి, అవి అటూ ఇటూ ఉంటే పలక ఆ వంపుతోనే ఆరిపోద్ది. పైన రేకు, పక్కలు తెరిచి, టార్పాలిన్ చుట్టి మూయొద్దు, బూజు పడుద్ది.

ఆరేటప్పుడు ఒకటి రెండు చీలతాయి, పారేయకండి. జార్జ్ నకషిమా అని ఆర్కిటెక్ట్‌గా చదువుకుని వడ్రంగిగా మారిన మనిషి, రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో జపాన్ మూలాలున్న వాళ్లని నిర్బంధించి పెట్టిన శిబిరంలో ఒక పెద్ద వడ్రంగి దగ్గర పని నేర్చుకున్నాడు, చీలిన పలకల్ని, అంచు చెట్టు ఆకారంలోనే ఉన్న పలకల్ని బల్లలుగా చేసి పేరు తెచ్చుకున్నాడు. నెర్రెకి అడ్డంగా సీతాకోకచిలక ఆకారంలో గట్టి చెక్కముక్క దించితే అది ఇంకా పాకకుండా ఆగుద్ది. చీలిక లేనిచోట అందం కోసం దాన్ని దించడం ఇప్పుడొక ఫ్యాషన్, నాకు నచ్చదు.

తేమ మీటరు ఒకటి కొనుక్కోండి, పలక 10, 12 శాతానికి వచ్చాక మీరుండబోయే గదిలోకే తెచ్చి ఇంకో నెల పడుకోబెట్టి అప్పుడు వడ్రంగిని పిలవండి. ప్రతి పలక చివరా ఏ చెట్టుదో, ఎప్పుడు కోసిందో, దుంగలో ఎన్నో పలకో పెన్సిల్‌తో కాదు మార్కర్‌తో రాయండి, వరసగా ఉన్న రెండు పలకలు పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన పెడితే వచ్చే బొమ్మ మళ్లీ దొరకదు, మూడేళ్ల తర్వాత ఆ గుట్టలో ఏది దేని జోడీనో ఎవరికీ గుర్తుండదు. పునాది మారిన ప్లాన్, తలుపు సెక్షన్ వచ్చాక పెట్టండి, చూస్తా.